కంఠసర్పి: విక్టోరియా కాలపు ఆసుపత్రి చికిత్స

డిఫ్తీరియా అని కూడా పిలిచే కంఠసర్పి సోకిన పిల్లల గొంతులో బూడిదరంగు పొర తోలులా దట్టంగా అల్లుకొని, స్వరపేటికలోకి దిగితే ఊపిరాడనిచ్చేది కాదు. 19వ శతాబ్దపు లండన్ ఆసుపత్రులలో అటువంటి బిడ్డకు మెడ ముందుభాగాన శ్వాసనాళాన్ని కోసి వెండి గొట్టం అమర్చేవారు. ట్రకియాటమీ అనే ఈ శస్త్రచికిత్స తరువాత మంచం చుట్టూ డేరాలా గుడ్డ కట్టి, పొడవాటి మూతి గల కెటిల్‌తో ఆవిరి పట్టిస్తూ, నర్సు రాత్రంతా పక్కనే కూర్చొని, లోపలి గొట్టాన్ని తీసి కడుగుతూ, అడ్డుపడిన పొర తునకలను పక్షి ఈకతో తొలగించేది. బిడ్డ ప్రాణం వైద్యుడి కత్తి మీద ఎంతగా ఆధారపడిందో, ఆమె మెలకువ మీదా అంతే ఆధారపడిందనడం అతిశయోక్తి కాదు. గొట్టం పూడుకుపోతే నిమిషాలలో మరణం సంభవించేది. ఊపిరి తిరిగి ఆడినా, వ్యాధి విషం గుండెను దెబ్బతీసి కొందరిని బలిగొనేది. 1890లో శాస్త్రవేత్తలు బేరింగ్, కిటసాటో కనుగొన్న ప్రతివిషం, అనగా ఆ విషాన్ని నిర్వీర్యం చేసే సీరం, 1894లో పారిస్‌లో రూ అనే శాస్త్రవేత్త గుర్రాల రక్తం నుండి తయారుచేసి పిల్లలకిచ్చి ఫలితాలు ప్రకటించాక బ్రిటిష్ ఆసుపత్రులకూ చేరింది.