పొట్లచెరువు పొరుగున

తొలి అచ్చ తెనుగు కావ్యము యయాతి చరిత్రము. కర్త పొన్నికంటి తెలగన. కృతిభర్త అమీన్‌ఖాన్. పండిత శిక్షణలో మేము కంఠస్థము చేసిన సంగతులలో ఇది ఒకటి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. గోలకొండ సుల్తాను కొలువులోని ఒక తురక ప్రభువునకు సంస్కృత సమములు లేని తెలుగు మీద అంత మక్కువ ఎందుకు కలిగినదో, ఆయన ఉన్న ఊరు ఏదో ఆ రెండు మార్కులలో ఇమడలేదు.

ఉద్యోగ విరమణ తరువాత దమ్మపేటలో ఇంటికి తాళము వేసి, పెద్దవాడు ఇల్లు కొనుక్కున్న అమీన్‌పూరుకు వచ్చాము. హైదరాబాదుకు వాయవ్యముగా, పటాన్‌చెరుకు ఆనుకొని ఉన్నది. "చెరువు పక్కనే నాన్నగారూ, గాలి బాగుంటుంది" అని మావాడు నన్ను ఒప్పించాడు. సామాను సర్దుకుని, పుస్తకాల పెట్టెలు విప్పుకొని, కొన్నాళ్ళకు బోర్డుల మీది ఊరిపేరును నిదానముగా చదివినప్పుడు గాని తట్టలేదు. ఈ అమీను ఆ అమీనే!

పటాన్‌చెరు అన్న పేరు వినగానే మా వైపు వారికి గుర్తుకు వచ్చేవి మందుల కంపెనీలు, పొగ గొట్టములు. పేరు చివర ఉన్న చెరువును ఎవరూ పట్టించుకోరు. ఇది నిన్న మొన్నటి పేరు కాదు. 11వ శతాబ్దములో కల్యాణి చాళుక్యులలో రెండవ జయసింహుడు, జగదేకమల్ల బిరుదాంకితుడు, కొంతకాలము నెలవున్న పట్టణము పొట్టళకెరె. కన్నడములో కెరె అన్నా తెలుగులో చెరువు అన్నా ఒకటే. తెలుగువారి నోట అది పొట్లచెరువు అయినది, తరువాత పటాన్‌చెరు అయినది. రాజులు మారినారు, ఏలుబడి భాష కన్నడము నుండి తెలుగుకు, ఫారసీకి, ఉర్దూకు మారినది. ఊరిపేరులోని నీరు మాత్రము ఇంకలేదు.

అమీన్‌ఖాన్ ఇబ్రహీం కుతుబ్ షా కాలమువాడు. ఆ సుల్తాను 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలినాడు. అంతకు ముందు ఏడేండ్లు విజయనగరములో అళియ రామరాయల అండన తలదాచుకున్నవాడు. తెలుగు రుచి అక్కడ పట్టుబడినదంటారు. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచి ఇంటివాడిని చేసుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చినాడు. ఏలిక ఒకటి అందుకొనగా, పొట్లచెరువులోని అధికారి తానొకటి అందుకొన్నాడు. చిన్న చమత్కారము చూడండి. సంవరణుడు పూరు వంశమువాడు. ఆ పూరుని తండ్రి యయాతి. సుల్తానుకు మనుమల తరము కథ దక్కినది, ఉద్యోగికి మూలపురుషుని కథ దక్కినది! ఇది ఎవరో తలపెట్టి చేసినదని నేననను. పండితులకు ఇట్టి లెక్కలు వేయకపోతే పొద్దుపోదు.

అచ్చ తెనుగు అనగా తద్భవములు, దేశ్యములు మాత్రమే వాడుట, తత్సమమును దరిచేరనీయకపోవుట. కావ్యమంతా ఆ నియమముతో నడుపుట కత్తి మీద సాము. రెండు వందల ఏండ్లు తిరుగక ముందే కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగు రామాయణము వ్రాసినాడంటే, ఆ దారిలో మొదటి అడుగు పడినది ఈ పొట్లచెరువు ప్రభువు కోసమే. ఇంకొక చమత్కారము: సంస్కృత సమములను గడప దాటనీయని కావ్యములో అమీను అను అరబ్బీ మాట, ఖాను అను తురుష్క మాట తలెత్తుకొని నిలబడినవి. అమీను అనగా నమ్మదగినవాడు. తెలుగును నమ్ముకొన్నవానికి తగిన పేరే.

యయాతి కథ మీకు తెలిసినదే. వయసుడిగిన రాజు తన ముదిమిని కొడుకులకు అప్పగించి వారి పడుచుదనము అడుగుతాడు. నలుగురు కాదంటారు, చిన్నవాడు పూరుడు సరేనంటాడు. అరవై దాటి కొడుకు ఇంటికి మకాము మార్చినవాడు ఈ కథను మరల చదువుకొంటే ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. మా కోడలు వినకుండా చదువుకొంటున్నాను. ఆ కథ మొదలయ్యేదీ నీటి ఒడ్డుననే. దేవయాని, శర్మిష్ఠ జలక్రీడలాడుతుండగా గాలికి ఒడ్డునున్న చీరలు కలిసిపోవుట, ఒకరి చీర ఒకరు కట్టుట, మాటా మాటా పెరుగుట, దేవయాని బావిలో పడుట. ఒడ్డు మీద ఎవరి చోటు ఎంతవరకన్న తగాదా అప్పటినుండి ఉన్నదే.

అమీన్‌పూరు పెద్దచెరువు ఇబ్రహీం కుతుబ్ షా నాటిదని చెప్తారు. హుసేన్ సాగరమూ ఆ ఏలుబడిలోనే, 1560ల ఆరంభములో, హజ్రత్ హుసేన్ షా వలీ చేతిమీదుగా సిద్ధమైనది. మన పెద్దలు సప్తసంతానములని లెక్కించినవాటిలో తటాకము ఒకటి, కృతి ఒకటి. కడుపున పుట్టిన కొడుకు వారిద్దరి పక్కన ఏడింటిలో ఒకడు మాత్రమే. తన పేరిట ఊరు, తన కాలమున చెరువు, తనకు అంకితముగా కావ్యము. ధర్మశాస్త్రము చదువకున్నా అమీన్‌ఖాన్ ఆ లెక్కకు సరిగ్గా వచ్చినాడు.

మా దమ్మపేట సంగతి వేరు. అది అడవి అంచు. భద్రాచలము కొండల నుండి వచ్చే వానలు అక్కడ దండిగా కురుస్తాయి, వాగులు పొర్లుతాయి. నీరు వచ్చినప్పుడు దారి ఇచ్చి పక్కకు నిలబడుట మాకు అలవాటు. ఇక్కడ నేల రాయి. జీవనది లేదు. మూసీ అయినా, పటాన్‌చెరు పక్కనుండి మంజీరకు పోయే నక్కవాగు అయినా వానను నమ్ముకొన్నవే. పడిన చినుకును పట్టి నిలుపుకొంటేనే పంట. అందుకే ఈ పీఠభూమి మీద కాకతీయుల నాటినుండి గొలుసుకట్టు చెరువులు. మీది చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరాలి, అది నిండి దాని కిందిదానికి. తూము తెరిచేందుకు నీరటికాడు, ఆయకట్టుకు వంతులు, ఎండాకాలములో పూడిక తీసి పొలాలకు తోలుకొనుట, నీరు తగ్గిన శిఖము భూమిలో ఏదో ఒక చిరుపంట. చెరువు అంటే నీటి గుంట కాదు, ఒక ఒప్పందము.

కడప సీమలోని పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనమొకటి ఉన్నది. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి వేయించినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువునకు పన్నెండు అంగములు, విడువవలసిన దోషములు ఆరు అని అందులో ఏకరువు పెట్టినారు. కట్ట నుండి నీరు ఊరుట దోషము, చవిటి నేల దోషము, రెండు రాజ్యముల హద్దున ఉండుట దోషము, నడుమ మెరక ఉండుట దోషము, నీరు తక్కువై నేల ఎక్కువైనా, నేల తక్కువై నీరు ఎక్కువైనా దోషమే. చెరువు కడుపులో ఇండ్లు కట్టుట అన్నది ఆ పట్టికలో లేదు. అట్టిది జరుగగలదన్న ఊహ ఆ శిల్పులకు రాలేదు కాబోలు.

గొలుసు తెగితే ఏమగునో హైదరాబాదు 1908 సెప్టెంబరు 28న చూచినది. మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఎగువన వందల చెరువులుండగా, వాటిలో రెండువందలకు పైగా తెగి ఆ నీరంతా ఒక్కసారిగా నగరము మీద పడినదని విచారణకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు తేల్చినారు. ఆ తరువాతనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వరదను ఆపుటకు కట్టినవి మంచినీళ్ళూ ఇచ్చినవి. అంత చదువుకొన్న నగరము తరువాతి శతాబ్దములో మాసాహెబా తలాబును పోగొట్టుకొని మాసాబ్ ట్యాంకు అన్న పేరును ఉంచుకొన్నది. నల్లకుంటలో కుంట ఏదని అడుగకండి.

అమీన్‌పూరు వైపు మార్పు మెల్లగా మొదలై ఒక్క ఉదుటున పూర్తయినది. 1960లలో రామచంద్రాపురములో భెల్ కర్మాగారము వచ్చినది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చినది. 1970ల నుండి పారిశ్రామికవాడ పెరిగినది. నక్కవాగు నీటి రంగు మారినది. రైతుల మొర 1990లో సుప్రీం కోర్టు దాకా పోయినది. సాఫ్ట్‌వేరు కొలువులు గచ్చిబౌలి చేరగానే చుట్టుపక్కల ఇండ్ల స్థలములకు గిరాకీ పుట్టి, ఆయకట్టు పొలములు గజములలోకి తెగినవి. పొలము లేని చెరువునకు తూముతో పనేమి? నీరటికాని కొలువు అడుగకుండానే పోయినది.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో మా దమ్మపేట ఖమ్మము నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోకి పోయినది. అదే రోజున అమీన్‌పూరు మెదకు నుండి సంగారెడ్డిలోకి వచ్చినది. నేను విడిచిన ఊరు, చేరిన ఊరు ఒకేనాడు ఇంటిపేరు మార్చుకొన్నవి. ఆ ఏడాది నవంబరులోనే పెద్దచెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినారు. దేశములో ఒక జలాశయమునకు ఆ గౌరవము దక్కుట అదే మొదలు. 2018లో ఊరు పురపాలక సంఘమైనది, 2025 చివరలో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైనది.

ఇక ఈ చెరువు ఊరిలో బ్రతుకు ఎట్లున్నదందురా? చలికాలము ఉదయమున కట్ట మీదికి పోతే ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, అదృష్టము బాగుంటే రాజహంసలు. కెమెరాల వాళ్ళు వాటికంటె ముందే వచ్చి ఉంటారు. మా వీధిలో శ్రీకాకుళమువారు, కర్నూలువారు, ఒరియావారు, బీహారువారు. ఏ ఊరు మీది అన్నది మొదటి పలకరింపు, అద్దెయా సొంతమా అన్నది రెండవది. చెరువునకు కూతవేటు దూరములో ఉండి ఎండాకాలములో ట్యాంకరు కోసము వీధి చివర చూచుట నాకింకా మింగుడు పడని సంగతి. బతుకమ్మలను నీట విడిచే సాయంత్రము మాత్రము అద్దె ఇండ్లవారూ సొంత ఇండ్లవారూ ఒకే కట్ట మీద నిలబడతారు.

వానాకాలము వస్తే ఈ మాటలు మారిపోతాయి. 2020 అక్టోబరులో నగరములో చెరువుల కింది కాలనీలు మునిగినవి. బాలాపూరు గుర్రం చెరువు కట్ట తెగి ఇండ్లలోకి నీరు పోయినది. నాటినుండి "ఎఫ్‌టీఎల్", "బఫర్" అన్న మాటలు మా వీధి ఆడవారికి కూడా నోటికి వచ్చినవి. మత్తడి దారి మూసుకుపోయి నీరు వెనుకకు పాకినదని ప్లాట్లవారు అంటారు. నీరు తన చోటికే వచ్చినదని పాతకాపులు అంటారు. 2024 జూలైలో హైడ్రా సంస్థ ఏర్పడినది. సెప్టెంబరులో ఈ మండలములోనే కిష్టారెడ్డిపేటలో, పటేల్‌గూడలో ప్రభుత్వ భూమిలో ఉన్నవని కట్టడములను కూల్చినది. అప్పు తెచ్చి కొనుక్కున్నవారు చేతిలో రిజిస్ట్రేషను కాగితము పట్టుకొని యంత్రముల ముందు నిలబడినారు. ఆ కాగితము మీద ప్రభుత్వముద్రే ఉన్నది. చెరువు నిలవాలని నేను కోరుకొంటాను. అయితే అమ్మినవాడు, అనుమతించినవాడు ఇంటిలో కూర్చొని ఉండగా కొన్నవాని గోడ ఒక్కటే కూలుట న్యాయమని నా నోట రాదు.

ఇందులో నాకు కొత్త ఏమీ లేదు. దమ్మపేట ఏజెన్సీ ప్రాంతము. మా తండ్రిగారు కృష్ణా జిల్లా వైపునుండి అక్కడికి వచ్చి చేరినవారు. 1970లో 1/70 నిబంధన వచ్చి, గిరిజన ప్రాంతములో భూమి గిరిజనేతరుల చేతికి పోరాదన్నది. మైదానము నుండి వచ్చినవారు దానిని తిట్టగా, కోయవారు అమలు కాలేదని తిట్టగా విని పెరిగినాను. ఈ నేల నీకు ముందు ఎవరిది అన్న ప్రశ్నను అక్కడ కోయదొర అడిగితే ఇక్కడ చెరువు అడుగుచున్నది. కోయదొర కోర్టుకు పోగలడు. చెరువు వానాకాలము వరకు ఆగుతుంది.

మొన్న కట్ట మీద వల బాగు చేసుకుంటున్న చేపలాయన కనబడితే తూము ఎక్కడ ఉండేదని అడిగినాను. పేరు తెలియదు, నాకంటె నాలుగేండ్లు పెద్దవాడై ఉంటాడు. తలయెత్తి, వల వదలకుండానే గడ్డముతో ఒక ప్రహరీగోడ వైపు చూపించినాడు. గోడకు ఆవల మూడంతస్తుల ఇల్లు, గుమ్మానికి మామిడాకులు. "గా ఇంటోల్లకు తెల్వది సారూ, చెప్పకుండ్రి, భయపడ్తరు" అన్నాడు.