అబలా సచ్చరిత్రకారిణి భండారు అచ్చమాంబ

అమరసింహుడు స్త్రీకి గల పర్యాయపదములలో 'అబల' యను దానిని జేర్చినాడు. బలము లేనిది అబల యని ముప్పదియేండ్లు బాలురచే నేను విగ్రహవాక్యము చెప్పించితిని. ఆ శబ్దమునే గ్రంథనామమున నిలిపి, దాని యర్థము నిరాధారమని లోపలి పుటలలో నిరూపించిన విదుషీమణి యీమె.

అచ్చమాంబగారు 1874లో కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారి కక్కగారు. బాల్యముననే తండ్రి గతించెను, పిన్నవయసుననే వివాహమయ్యెను. భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు. ఆయనకు భార్య చదువు రుచింపలేదు. తమ్ముని తన యింట నుంచుకొని చదివించుచు, ఆతని ప్రక్కన గూర్చుండి యామెయు జదువుకొనెను. తెలుగు, హిందీ, మరాఠీ భాషలు స్వాధీనమయ్యెను. బంగాళీ, గుజరాతీలును కొంత గ్రహించెను. బడి మెట్టెక్కని విద్యార్థిని! నావంటి యుపాధ్యాయులకు గర్వభంగము.

కన్నబిడ్డలు పోయినను కలము విడువలేదు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగమును వీరేశలింగముపంతులుగారు 1901లో చింతామణిద్వారమున వెలువరించిరి. చరిత్రప్రసిద్ధలైన భారతస్త్రీలు, వేదపురాణకాలపు స్త్రీలు, పరదేశస్త్రీలు అని మూడు భాగములుగా నామె సంకల్పము. స్త్రీలు బుద్ధిహీనలనువారికి వాదముతో గాక జీవితచరిత్రలతో బదులు చెప్పెను.

1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ఏలూరున 'హిందూసుందరి'ని స్థాపించిరి. అనంతరము మొసలికంటి రామాబాయమ్మ, వెంపల శాంతాబాయిగారలు దానికి సంపాదకురాండ్రైరి. 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు కాకినాడనుండి 'సావిత్రి'ని నడపిరి. అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' కథ 1902లో హిందూసుందరియందే వెలువడెను. పేదరికముచే దొంగసొమ్ము తెచ్చిన భర్తను ఇల్లాలు మందలించి, దానిని తిరిగి యిప్పించుట యందలి వృత్తాంతము. గురజాడవారి 'దిద్దుబాటు' 1910 నాటిది. తెలుగున తొలి కథ యదియే యని నేను తరగతులకు తరగతులే చెప్పితిని. పరీక్షలలో మార్కులును వేసితిని. ఇప్పుడా విద్యార్థుల నెక్కడ వెదకి దిద్దుదును?

1902లోనే ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బందరున బృందావన స్త్రీసమాజమును నెలకొల్పిరి. 1905 జనవరి 18న బిలాసపురమున గతించిరి. సంకల్పించిన మూడు భాగములు పూర్తికాలేదు.

నిరుడు మన సంచికకు వచ్చిన యొక వంశవృక్షమును నేనే సరిచూచితిని. ఏడు తరములు, స్త్రీనామ మొక్కటియు లేదు. అచ్చుతప్పులు మాత్రము దిద్ది పంపితిని. ఈ వేసవిని ఆ యింటికి మరల బోయి యడుగగా, మూలగదిలోని ముదుసలి యొకతె వ్రేళ్లు మడచుచు పదునొకండు పేర్లు చెప్పెను. వానిని వ్రాసి సంచిక కార్యదర్శికి ఒప్పగించితిని.