కంతిని కొలుచు విద్య

రాచపుండు చికిత్సకు లొంగుచున్నదో లేదో ఎరుగుటకు వైద్యునికి చిరకాలము చేతివ్రేళ్లే ప్రధానసాధనములు. ఆ వ్రేళ్ల ప్రామాణ్యమును 1976లో అమెరికాలో మోర్టెల్, హాన్లీ యనువారు పరీక్షించిరి. మెత్తని పొరక్రింద 12 గుండ్లను దాచి, 16 మంది యనుభవజ్ఞులైన వైద్యులచే గొలిపించిరి. సమానములైన గుండ్లే కొన్ని తడవలు హెచ్చుతగ్గులుగా లెక్కకు వచ్చెను.

2000లో వెలువడిన రెసిస్టు నిబంధనలు చిత్రములయందలి కంతుల వ్యాసములను కూడి, మొత్తము నూటికి 30 పాళ్లు తరిగినచో చికిత్స పాక్షికముగా ఫలించినట్లు నిర్ణయించినవి. క్రమము కలిగెను గాని, కొలిచినది పొడవు మాత్రమే. కిరణచికిత్సచే చచ్చిన కంతి వెంటనే కుంచించుకొనదు. మెదడులోనైనచో, చికిత్స ముగిసిన తొలి మూడు మాసములలో పెరిగినట్లు కనుపించుటయు గలదు. ఈ మిథ్యావృద్ధిని నిజమని నమ్మిన వైద్యుడు ఫలించుచున్న చికిత్సను మానిపించును. నిజమైన వృద్ధిని మిథ్యయనుకొన్నచో రోగికి మిగిలిన కొలదికాలము వ్యర్థమగును.

కావున కంతి లోపలి స్థితిని దెలుపు సంఖ్య కావలసియుండెను. 1971లో డమాడియను ఎలుకల కంతులను అయస్కాంతక్షేత్రమున పరీక్షించి, అందలి నీటి కేంద్రకములు పూర్వస్థితికి మరలుటకు ఆరోగ్యవంతమైన ధాతువులందుకంటె నెక్కువ కాలము పట్టునని చూపెను. అది సంఖ్య. 1973లో లాటర్‌బరు అట్టి అనునాదమునుండియే బొమ్మను గల్పించెను. నేటి ఎమ్మారైకి అది మూలము. లోకము బొమ్మకు మురిసి, సంఖ్యను కొంతకాలము ప్రక్కకు నెట్టెనని మా యభిప్రాయము.

1986లో ఫ్రాన్సున లెబిహాను ప్రభృతులు సజీవమైన మెదడులో నీటి కదలికను చిత్రించి కొలిచిరి. కణములు క్రిక్కిరిసిన కంతిలో నీటికి కదల చోటు చాలదు. కిరణములచే కణముల పొరలు చెదరినపుడు నీరు స్వేచ్ఛగా గదలును, సంఖ్య పెరుగును. కంతి తరుగుటకు ముందే యీ మార్పు కనుపించుట తరచు. ఎమ్మారైని కిరణయంత్రముతో నేకముచేసిన సాధనములచే 2014లో అమెరికాలోను, 2017లో నెదర్లాండ్సులోని ఉట్రెక్టులోను రోగులకు చికిత్స మొదలిడిరి. అంతట చికిత్సాశయ్యమీదనే, దినదినమును కొలువ వీలయ్యెను.

అయినను, పూర్వము మన సీమలో ఊరికొక కుంచముండినట్లు, నేడు యంత్రమునకొక సంఖ్య వచ్చుచున్నది. కుంచము తప్పినచో కొనువాడు నష్టపడును; ఇచట నష్టపడువాడు రోగి. దీనికి మందు ఖరీదైనది కాదు. మంచులో నుంచిన నీరు సున్న డిగ్రీలయొద్ద నిలుచును. ఆ నీటి వ్యాపనసంఖ్య సెకనుకు సుమారు 0.0011 చదరపు మిల్లీమీటర్లు. ఏ యంత్రమైనను దీనిని సరిగా జెప్పవలెను. కోట్లు వెచ్చించి యంత్రమును దెచ్చు ఆసుపత్రి, గంపెడు మంచుతో దానిని పరీక్షించుటకు బద్ధకించుట తగునా? కొలమానమును సరిచూచుకొనుట చికిత్సలో నొక భాగమని మన వైద్యశాలలు గ్రహించుగాక.