తోకచుక్క దాచిన నీహారికలు

1773వ సంవత్సరము నవంబరు 1, 2 తేదీల నడుమ ఒక తోకచుక్క సింహరాశిలో రెండు మసక మచ్చల మధ్యగా సాగిపోయెను. దానిని కనుగొన్న పారిస్ ఖగోళజ్ఞుడు ఛార్లెస్ మెస్సియర్‌కు తోకచుక్క కనబడినది గాని, దాని కిరుప్రక్కల నున్న మచ్చలు కనబడలేదు. నేడు మేము శ్రోతలకు విన్నవింపదలచినది ఆ మచ్చల కథ.

తోకచుక్కలను వెదకుట మెస్సియర్‌కు వ్రతము. ఆకాశమున కదలక నిలిచియుండు మసక మచ్చలు తోకచుక్కలను భ్రమ గొల్పుచుండుటచే ఆతడు వానికొక పట్టిక వ్రాసెను. అనగా నది వేటగాడు విడిచిపెట్టవలసిన వాని జాబితా. 1780 మార్చి 1వ తేదీన పై రెండు మచ్చలును అందు 65, 66 సంఖ్యలుగా చేరినవి. ఆరేండ్లనాడు తోకచుక్క వెలుగు వలననే వీనిని చూడలేదు కాబోలునని ఆ పట్టికలోనే దాచక వ్రాసెను. 1784లో ఇంగ్లాండున విలియం హెర్షెల్ వీని చెంతనే మూడవదానిని కనుగొనెను.

1924లో ఎడ్విన్ హబుల్ ఆండ్రొమిడా నీహారిక మన పాలపుంతకు వెలుపలిదని నిరూపించిన పిదపనే ఇట్టి మచ్చల నిజస్వరూపము విశదమయ్యెను. ఇవి మూడును 3 కోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమున నున్న గెలాక్సీలు. ఒక చిన్న కుటుంబము.

వీనిలో 66వది సర్పిలాకారమే గాని, దాని బాహువులు సమముగా లేవు. ఒకటి తావు తప్పి వంగినట్లుండును. 1966లో హాల్టన్ ఆర్ప్ ప్రకటించిన 338 విచిత్ర గెలాక్సీల చిత్రసంపుటిలో దీనికి 16వ సంఖ్యయు, మూడింటికి కలిపి 317వ సంఖ్యయు లభించినవి. పూర్వమెన్నడో మూడవ గెలాక్సీ దీని దాపుగా పోయినపుడు పరస్పరాకర్షణచే రెండును చెదరినవని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఆ మూడవదాని నుండి సుమారు 3 లక్షల కాంతి సంవత్సరముల పొడవున ఒక నక్షత్రాల తోక సాగియున్నది. తోకల వేటగాని కంట ఆ తోక పడనేలేదు!

మన పంచాంగములలోని పుబ్బ నక్షత్రమునకు దక్షిణముగా, చేరువలోనే ఇవి యున్నవి. ఫాల్గుణ చైత్రముల చీకటి రాత్రులలో చిన్న దూరదర్శినితో 65, 66 సంఖ్యల వానిని చూడవచ్చును. మెస్సియర్ వెదకిన తోకచుక్కలను నేడు తలచువారు కొందరే. వదలివేయుటకై ఆతడు వ్రాసిన పట్టికనే నేడు లోకమంతయు చేతబట్టి ఆకాశమును వెదకుచున్నది.