కాకర పాదు, కాకర పేరు

1834లో ఒప్పంద కూలీల వలస మొదలైన తరువాత మన పూర్వులు మారిషస్ చేరారు. కోరంగి రేవునుండి అనేకులు ఓడ ఎక్కినందున తెలుగువారిని ఇక్కడ ‘కొరంగీలు’ అన్నారు. చెరకు తోటలలో వారికిచ్చిన బత్తెం బియ్యం, పప్పు, నూనె, ఉప్పు. పచ్చికూరకు ఇంటి వెనుక నేలే ఆధారం.

మా అవ్వ పెరటిలో కాకర పాదు ఉండేది. దానిని చిన్ననాట క్రియోలులో ‘మార్గోజ్’ అనే ఎరుగుదును. ‘కాకర’ అన్న మాట తెలుగు తరగతిలో నేర్చుకొన్నాను.

కాకర గింజ పెంకు గట్టిది. రాత్రంతా నీటిలో నానబెట్టి, అంగుళం లోతున నాటాలి. తీగ సాగగానే పందిరి వేయాలి. పిందెతో పూసేది ఆడపువ్వు. తేనెటీగలు మగపువ్వు పుప్పొడిని దానికి చేరుస్తాయి. కాయలన్నీ పచ్చిగానే కోయకూడదు. ఒకటి తీగకే విడిచిపెడితే నారింజ రంగుకు పండి, పగులుతుంది. లోపల ఎర్రని గుజ్జులో గింజలుంటాయి. కడిగి, నీడన ఆరబెడితే మరుసటి యేటికి అవే విత్తనాలు.

అవ్వ విత్తనం నిలిపింది. పేరు మాత్రం మా ఇంట నిలువలేదు. మార్గోజ్ అనడం తప్పు కాదు, అదీ మన మాటే. అయితే పిల్లల చేతిలో గింజ పెట్టేటప్పుడు ‘కాకర’ అని కూడ చెప్పండి.