సముద్రపు ముంపు: అంతర్జాతీయ వాతావరణ చర్చల్లో చిన్న ద్వీప దేశాలు

1. పరిచయం

నందిపేట్ పరిసరాల్లో చదువుకుంటున్న మీకు 'ముంపు' అనే మాటకు అర్థం చెప్పనక్కరలేదు. 1963 జూలై 26న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. నేటి శ్రీరాంసాగర్ అదే. గోదావరిపై ఆనకట్ట కట్టి నీరు నిలిపాక నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో నది ఒడ్డున ఉన్న అనేక ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లూ పొలాలూ పోగొట్టుకున్నవారు మరోచోట కొత్తగా ఊరు కట్టుకోవలసి వచ్చింది.

వారికి దక్కిన పరిహారం సరిపోయిందా అన్నది ఇక్కడ మన చర్చనీయాంశం కాదు. అయితే పరిహారం అడగటానికి వారి ఎదుట ఒక ప్రభుత్వం, ఒక భూసేకరణ చట్టం, అర్జీ పెట్టుకోవటానికి ఒక కార్యాలయం ఉన్నాయి. మరి సముద్రమే ఊరిని ముంచితే ఎవరిని అడగాలి? చిన్న ద్వీప దేశాలు మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచ వేదికలపై అడుగుతున్న ప్రశ్న ఇదే. ఈ భాగంలో ఆ చరిత్రను తెలుసుకుందాం.

2. చెరకు తోటల నుంచి ద్వీపాల వరకు

ద్వీప దేశాలు మనకు పూర్తిగా పరాయివి కావు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. అంతకు మూడు దశాబ్దాల ముందే తెలుగువారు పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవుల్లో చెరకు నరుకుతున్నారు. 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేల మంది భారతీయులు ఐదేళ్ల ఒప్పందంపై ఫిజీకి కూలీలుగా వెళ్లారు. 'అగ్రిమెంట్' అనే మాట వారి నోట 'గిర్మిట్' అయింది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా ఓడలు బయలుదేరాయి. వాటిలో మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు జిల్లాల వారు వెళ్లి, కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ తోటల్లో పనిచేశారు. వారి సంతతివారు 1941లో ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్నారు. హిందూ మహాసముద్రంలోని మారిషస్‌లోనూ తెలుగువారి చరిత్ర ఇలా చెరకు తోటలతోనే మొదలైంది. కాబట్టి ఈ దేశాల భవిష్యత్తులో తెలుగు కుటుంబాల భవిష్యత్తు కూడా ఉంది.

3. కూటమి ఏర్పాటు

1987లో మాల్దీవుల అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో సముద్రమట్టం పెరుగుదల వల్ల తమ దేశానికున్న ప్రమాదాన్ని వివరించారు. 1989లో చిన్న దేశాల సమావేశం మాలేలో జరిగింది. 1990లో జెనీవాలో జరిగిన రెండో ప్రపంచ వాతావరణ సదస్సు సందర్భంగా చిన్న ద్వీప దేశాల కూటమి ఏర్పడింది. నేడు ఇందులో ఫిజీ, మారిషస్, మాల్దీవులు, తువాలు సహా 39 సభ్య దేశాలున్నాయి.

ప్రపంచ హరితగృహ వాయు ఉద్గారాల్లో ఈ దేశాల వాటా ఒక శాతం కన్నా తక్కువ. వీటికి సైనిక బలం గాని, పెద్ద మార్కెట్లు గాని లేవు. అయినా వీటి మాటకు విలువ రావటానికి రెండు కారణాలను గుర్తించవచ్చు. మొదటిది, వాతావరణ చర్చల్లో నిర్ణయాలు ఏకాభిప్రాయంతో జరుగుతాయి. కాబట్టి చిన్న దేశం అభ్యంతరాన్ని కూడా తోసిపుచ్చటం కష్టం. రెండోది, విడివిడిగా మాట్లాడక అందరూ ఒకే ముసాయిదాతో చర్చకు వచ్చారు. అయితే ఏకాభిప్రాయ పద్ధతికి మరో ముఖం ఉంది. పెద్ద దేశాలు కూడా అదే పద్ధతితో నిర్ణయాలను ఆపగలవు, పదును తగ్గించగలవు.

4. క్యోటో నుంచి పారిస్ వరకు

1992లో రియో డి జనీరోలో వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక సంతకాలకు సిద్ధమైంది. అది 1994లో అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ద్వీప దేశాల కూటమి ఒక ముసాయిదా సమర్పించింది. అభివృద్ధి చెందిన దేశాలు 2005 నాటికి తమ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలను 1990 స్థాయి కన్నా 20 శాతం తగ్గించాలని కోరింది. 1997లో కుదిరిన క్యోటో ఒప్పందంలో 2008–2012 మధ్యకాలానికి సగటున సుమారు 5 శాతం తగ్గింపు మాత్రమే దక్కింది.

తరువాతి పోరాటం ఒక అంకె చుట్టూ తిరిగింది. 2009 కోపెన్‌హేగన్ సదస్సులో పెద్ద దేశాలు భూతాపం పెరుగుదలకు 2 డిగ్రీల సెల్సియస్ హద్దుగా మాట్లాడగా, ద్వీప దేశాలు 1.5 డిగ్రీలు కోరాయి. 2015 పారిస్ ఒప్పందంలో పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా లోపల ఉంచాలని, 1.5 డిగ్రీలకు పరిమితం చేసే ప్రయత్నం చేయాలని రాశారు. మార్షల్ దీవుల మంత్రి టోనీ డి బ్రమ్ ఇందుకు ధనిక, పేద దేశాలను ఒకచోట చేర్చారు. అర డిగ్రీ తేడా మీకు చిన్నదిగా తోచవచ్చు. 2018లో వెలువడిన ఐపీసీసీ నివేదిక ప్రకారం 1.5 డిగ్రీల వద్ద 70 నుంచి 90 శాతం పగడపు దిబ్బలు క్షీణిస్తాయి. 2 డిగ్రీల వద్ద 99 శాతానికి పైగా పోతాయి. చేపల వేటకూ, అలల నుంచి తీరరక్షణకూ ఆ దిబ్బలే ఆధారం.

5. నష్టానికి ఎవరు బాధ్యులు?

1991లోనే ద్వీప దేశాల తరఫున వనువాటు ఒక ప్రతిపాదన చేసింది. సముద్రమట్టం పెరగటం వల్ల కలిగే నష్టానికి పారిశ్రామిక దేశాల చందాలతో అంతర్జాతీయ బీమా నిధి పెట్టాలన్నది దాని సారం. అది అంగీకారం పొందలేదు. పారిస్ ఒప్పందం 8వ అధికరణం 'నష్టం, హాని' అనే అంశాన్ని గుర్తించింది. అయితే ఒప్పందాన్ని ఆమోదించిన తీర్మానంలోనే, ఈ అధికరణం బాధ్యతకు గాని పరిహారానికి గాని ఆధారం కాదని 51వ పేరాలో రాశారు. మన ముంపు గ్రామాల భాషలో చెప్పాలంటే, ఊరు మునిగిందని ఒప్పుకున్నారు గాని పరిహారం అన్న మాటను కాగితంపైకి రానివ్వలేదు.

ఈలోగా నష్టం ఆగలేదు. ఫిజీలోని వునిదోగోలోవా గ్రామం 2014లో తీరం వదిలి సుమారు 2 కిలోమీటర్లు లోపలికి తరలిపోయింది. 2017లో బాన్‌లో జరిగిన సదస్సుకు ఫిజీ అధ్యక్షత వహించింది. ఒక చిన్న ద్వీప దేశానికి ఆ స్థానం దక్కటం అదే మొదటిసారి. చివరకు 2022లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో నష్టనిధి ఏర్పాటుకు అంగీకారం కుదిరింది. మరుసటి ఏడాది దుబాయ్‌లో దానికి సుమారు 70 కోట్ల డాలర్ల విరాళాలు ప్రకటించారు. అవి స్వచ్ఛంద విరాళాలే. చట్టం ప్రకారం చెల్లించవలసిన పరిహారం కాదు.

6. విద్యార్థుల పాత్ర

2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి చెందిన 27 మంది న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ ప్రశ్నను అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు తీసుకువెళ్లాలని సంకల్పించారు. వనువాటు ప్రభుత్వం వారి కోరికను స్వీకరించి దేశదేశాల మద్దతు కూడగట్టింది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ న్యాయస్థానం అభిప్రాయాన్ని కోరుతూ ఏకాభిప్రాయంతో తీర్మానించింది. 2025 జూలై 23న న్యాయస్థానం తన అభిప్రాయం వెల్లడించింది. వాతావరణాన్ని కాపాడటం రాజ్యాల చట్టబద్ధమైన విధి అని, దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చని పేర్కొంది. ఇది సలహాపూర్వక అభిప్రాయం. తీర్పులా కట్టుబడి తీరవలసినది కాదు. అయినా పారిస్‌లో పక్కన పెట్టిన 'పరిహారం' అన్న మాట పదేళ్ల తరువాత న్యాయస్థానం ద్వారా తిరిగి వచ్చింది.

7. సారాంశం

ద్వీప దేశాలు అడిగినంత ఎన్నడూ పొందలేదు. 20 శాతం అడిగితే 5 శాతం, పరిహారం అడిగితే విరాళం దక్కాయి. అయినా అవి ఒప్పందాల్లో చేర్పించిన ప్రతి మాటా తరువాతి వాదనకు ఆధారమైంది. బలం లేనివారికి రాతలోని మాట ఎందుకు ముఖ్యమో ఈ చరిత్ర మీకు తెలియజేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వాతావరణ చర్చల్లో ఏకాభిప్రాయ పద్ధతి చిన్న దేశాలకు ఎలా మేలు చేసింది, ఎలా అడ్డుపడింది?
2. విరాళానికీ పరిహారానికీ గల తేడాను నష్టనిధి ఆధారంగా వివరించండి.
3. మీ ప్రాంతంలో శ్రీరాంసాగర్ ముంపు వల్ల ఊరు మారినవారు ఉంటే, వారితో మాట్లాడి ఒక పుట రాయండి. డబ్బుతో పూడ్చలేని నష్టాలుగా వారు వేటిని చెప్పారు?