నెల్లూరు ప్రముఖుల జాబితా: మాగాణి పేర్లు, మెట్ట పేర్లు

నెల్లూరు జిల్లా ప్రముఖుల గురించి రాయమంటే మన పత్రికల్లో, సావనీర్లలో ఒక వరస స్థిరపడిపోయింది. తిక్కన సోమయాజితో మొదలుపెడతారు. ఖడ్గతిక్కనను ఒక పేరాలో ముగిస్తారు. అక్కణ్ణుంచి ఆరు వందల ఏళ్లు ఒక్క అంగలో దాటేసి పొట్టి శ్రీరాములు దగ్గర దిగుతారు. తర్వాత ముఖ్యమంత్రులు, సినిమావాళ్లు, చివర ఉపరాష్ట్రపతి. ఈ వరసలో అనర్హులు ఎవరూ లేరు. అయితే ఈ మనుషులు ఈ సీమలోనే ఎందుకు తలెత్తారో, ఎవరి పేర్లు ఎందుకు జారిపోయాయో ఆ వరస చెప్పదు. ముఖ్యంగా 1907కీ 1940కీ మధ్య నెల్లూరులో జరిగిన పనిని నాలుగు వాక్యాల్లో చుట్టేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ముందు హద్దుల సంగతి తేల్చుకోవాలి. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అటు వెళ్లాయి. 2022 విభజనలో గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలో చేరాయి. ఆ గీత ప్రకారం చూస్తే వాకాడులో పుట్టిన ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ ఇద్దరూ పరాయివాళ్లు కావాలి. కాబట్టి పుట్టుకను కొలతగా పెట్టుకోవడం కుదరదు. ఇక్కడ చేసిన పనే కొలత కావాలి.

ఆ మాటకొస్తే తిక్కన తాతగారు మంత్రి భాస్కరుడు గుంటూరు ప్రాంతం వాడు. తిక్కన నెల్లూరు కవి అయ్యింది మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించినందుకు. ఆయన గురించి చెప్పవలసినవాళ్లు చెప్పారు, నేను కొత్తగా చేర్చేది లేదు. ఆయనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చి, ఆంధ్రభాషాభూషణం అనే వ్యాకరణం కూడా రాసిన కేతన మాత్రం ఇంకో పేరాకు తగినవాడు.

ఆ కాలంలోనే ఆగి చూడవలసినవాడు యాదవుల నాయకుడు కాటమరాజు. అందరికీ తెలిసిన కథ ఖడ్గతిక్కన వైపు నుంచి నడుస్తుంది. కాటమరాజుతో యుద్ధంలో వెనుదిరిగి వచ్చిన అతనికి భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద ఉంచడం, తల్లి ప్రోలమ్మ ఎత్తిపొడవడం, సిగ్గుపడి అతను తిరిగి వెళ్లి ప్రాణం విడవడం. నాటకానికి బ్రహ్మాండమైన ఘట్టమే. కానీ తగాదా మూలం ఏమిటి? పుల్లరి. ఎర్రగడ్డపాడు వైపు కరువొచ్చి మేత లేకపోతే యాదవులు ఆవుల మందలను దక్షిణానికి తోలుకొచ్చారు. నెల్లూరు రాజు బీళ్లలో మేపుకోవడానికి ఒప్పందం కుదిరింది. ఏటా పుట్టిన కోడెదూడలను పుల్లరి కింద ఇవ్వాలి. ఒప్పందం చెడింది, పంచలింగాల దగ్గర కత్తులు దూశారు. కాటమరాజు కథను గొల్లసుద్దులవాళ్లు తరాల తరబడి పాడుతున్నారు. అందులో వివరాలన్నీ చరిత్ర అని నేననను. జరిగిన ఏళ్ల గురించి, మనుషుల గురించి పండితుల్లో వాదాలున్నాయి. మేతకోసం మెట్టనుంచి వచ్చినవాడికీ మేతబీడు చేతిలో ఉన్నవాడికీ మధ్య జరిగిన తగాదా అది అన్నంతవరకు సందేహపడనక్కర్లేదు. జాబితాలో బీడు యజమాని పక్షంవాడు ఉన్నాడు, మందల యజమాని లేడు. తర్వాతి శతాబ్దాల్లో కూడా ఇదే తేడా కనబడుతుంది.

పందొమ్మిదో శతాబ్దం నుంచి ఒక్క మనిషిని గుర్తు చేసి ముందుకు పోతాను. వెన్నెలకంటి సుబ్బారావు (1784-1839) ఒంగోలువాడు. స్వయంకృషితో ఇంగ్లీషు నేర్చి మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడయ్యాడు, ఇంగ్లీషులో ఆత్మకథ రాసుకున్నాడు. బళ్లలో పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేస్తున్నారని 1820 ప్రాంతంలోనే చెప్పినవాడు. ఆ పుస్తకం 1873లో అచ్చయింది. బాస్వెల్ దొర నెల్లూరు జిల్లా మాన్యువల్ వెలువడిందీ ఆ ఏడాదే. మాన్యువల్‌ను అందరూ ఉదహరిస్తారు, సుబ్బారావును తలచేవారు తక్కువ.

ఇక అసలు సంగతి. ఇరవయ్యో శతాబ్దపు నెల్లూరు ప్రముఖుల ఊళ్లు ఒకసారి పటం మీద గుర్తు పెట్టి చూడండి. పొణకా కనకమ్మ పుట్టిల్లు మినగల్లు, మెట్టినిల్లు పొట్లపూడి. పుచ్చలపల్లి సుందరయ్యది అలగానిపాడు. బెజవాడ గోపాలరెడ్డిది బుచ్చిరెడ్డిపాళెం. అన్నీ పెన్న కాలువల కింది మాగాణి ఊళ్లే. 1855లో నెల్లూరు ఆనకట్ట, 1886 నాటికి సంగం ఆనకట్ట వచ్చాయి. మొలగొలుకుల వరి పంట చేతికి నిలకడగా రావడం మొదలైన రెండు తరాలకు ఆ ఇళ్లలో పుస్తకాలు, పత్రికలు, మద్రాసు చదువులు వచ్చాయి. ఈ సీమ ప్రముఖుల వెనక ఆనకట్ట ఉందని నా గట్టి నమ్మకం. అయితే నీళ్లొక్కటే అంతా చేశాయనడం కూడా తప్పే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇంతకన్నా సంపద ఉంది. అదీగాక ఒకే కాలవ కింద ఉన్న వంద ఇళ్లలో తొంభైతొమ్మిది సంపదను దాచుకున్నాయి. ఖర్చుపెట్టింది ఎవరు, దేనికి అన్నదే చరిత్ర.

కనకమ్మ విషయంలో మనవాళ్లు చెప్పేది ఇంతే: గాంధీగారి పిలుపు విని భూమి దానం చేసిన ధనిక మహిళ. ఇది ఆమెను పొగుడుతున్నట్టే ఉండి తగ్గించే మాట. ఆమె 1892లో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లయింది, బడికి పోయి చదివిన చదువు కాదు ఆమెది. పొట్లపూడిలో సుజనరంజనీ సమాజం పుట్టింది 1907లో, వివేకానంద గ్రంథాలయం 1913లో. గాంధీ దక్షిణాఫ్రికానుంచి వచ్చింది 1915లో. అంటే ఆయన తిరిగి రాకముందే ఈ ఊళ్లో పని నడుస్తోంది. తర్వాత ఆమె గాంధీ ఆశ్రమానికి ఇచ్చిన, పల్లిపాడులో పెన్న ఒడ్డున ఉన్న పదమూడెకరాలు కూడా మొదట సాయుధ విప్లవ శిక్షణ కోసం సంపాదించినవని చెబుతారు. ఇందులో ఎంత ఆలోచన, ఎంత ఏర్పాటు అన్నది తూచి చెప్పడం కష్టం, రహస్యపు పనికి కాగితాలు మిగలవు. కానీ వందేమాతరం రోజుల ఆవేశం ఆమె ఇంటిదాకా వచ్చిందన్నది కాదనలేం. ఆ మనిషి తర్వాత అహింస వైపు వచ్చిందంటే అది పిలుపుకు తలూపడం కాదు. తేల్చుకుని వచ్చిన దారి.

1921 ఏప్రిల్ 7న గాంధీగారు పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నిలబెట్టడానికి పూనుకున్నారు. దక్షిణాఫ్రికాలో గాంధీగారి స్నేహితుడు పార్సీ రుస్తుంజీ ఇచ్చిన డబ్బుతో అక్కడ భవనం లేచింది. హనుమంతరావు తొందరగానే కన్నుమూశారు. ఆశ్రమం గురించి రాసినప్పుడు ఆయన పేరు ఒక పంక్తిలో పోతుంది, భార్య బుచ్చికృష్ణమ్మ పేరు ఆ పంక్తిలో కూడా ఉండదు. కనకమ్మ మాత్రం అక్కడితో ఆగలేదు. 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది, ఆడపిల్లల కోసం. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఉప్పు సత్యాగ్రహం నాటినుంచి రాయవేలూరు జైలు చూసింది. 1930లో నెల్లూరు వెంకటరామానాయుడు నడిపిన ‘జమీన్ రైతు’ పత్రిక వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలబడింది. దాని తొలినాళ్లలో ఆమె చెయ్యి ఉంది. భూమి ఉన్న ఇంటి ఇల్లాలు జమీందారుకు ఎదురు నిలిచిన రైతుల పత్రికకు సాయపడడం చిన్న సంగతి కాదు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆమె ఖర్చుపెట్టిన డబ్బు కూడా కూలీల చెమటలోంచి వచ్చిందే. మాగాణి దాతలందరికీ ఈ మాట వర్తిస్తుంది. సుందరయ్యకు అది బాగా తెలుసు. అందుకే పేరులోని రెడ్డిని తీసేశాడు, తన ఊళ్లోనే వ్యవసాయ కూలీల సంఘం కట్టాడు. ఆ తర్వాతి ఆయన జీవితం దేశానికి తెలుసు. శాంతినికేతన్‌లో చదివి టాగూరును తెలుగులోకి తెచ్చిన గోపాలరెడ్డి అదే నేలనుంచి మరోదారి పట్టి ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాడు. వీళ్లిద్దరి గురించీ రాసినంతలో పదోవంతు కూడా కనకమ్మ గురించి రాయలేదు. ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ ఆమె పోయిన దాదాపు యాభై ఏళ్లకు గాని పుస్తకంగా రాలేదు. ఆమె చేతిరాత అన్నాళ్లు ఆగవలసి రావడమే మన జాబితా ఎలా తయారైందో చెబుతుంది.

పొట్టి శ్రీరాములు సంగతి వేరు. ఆయన పుట్టింది 1901లో మద్రాసులో. పూర్వీకుల ఊరు కనిగిరి వైపు మెట్టలోది, ఇప్పుడది నెల్లూరు జిల్లాలో లేదు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టినప్పుడు కారణంగా అందరూ చెప్పింది 1952 డిసెంబర్ 15న, రాష్ట్రం కోసం చేసిన 58 రోజుల దీక్షతో ఆయన ప్రాణం పోవడం. అది జరిగింది మద్రాసులో, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో. నెల్లూరుకు ఆయన మీద ఉన్న హక్కు దానివల్ల వచ్చింది కాదు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన ఇక్కడ నిరాహారదీక్షకు కూర్చున్నాడు. తర్వాత అంటరానితనం పోవాలని రాసిన అట్టలు మెడకు తగిలించుకుని ఎండలో ఈ వీధుల్లో తిరిగాడు. చాలామంది ఆయన్ను పిచ్చివాడన్నారు. రాష్ట్రం కోసం చేసిన దీక్షకు ఊరూరా విగ్రహాలున్నాయి. గుడి కోసం చేసిన దీక్షను మాత్రం వార్షికోత్సవ ప్రసంగాల్లో కూడా తక్కువగా వింటున్నాం. రాష్ట్రం అందరికీ ఇష్టమైన విషయం, గుడి తలుపు కొందరికి ఇప్పటికీ ఇబ్బందికరమైన విషయం. అందుకే ఈ తేడా అని నేననుకుంటున్నాను.

యానాదుల కోసం జీవితం వెచ్చించి, నేరస్థ జాతుల చట్టం మీద పోరాడి, 1973లో పద్మభూషణ్ అందుకున్న వెన్నెలకంటి రాఘవయ్య పేరు కొన్ని జాబితాల్లోనైనా కనబడుతుంది. శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి చోటు వదలిన యానాదుల పేర్లలో ఒక్కటీ కనబడదు.

ఇప్పటి జాబితా నాకు తృప్తి ఇవ్వదు. బాలసుబ్రహ్మణ్యం గొప్ప గాయకుడే, నెల్లూరులోని తన ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం ఇచ్చిన మనిషి. సింగీతం శ్రీనివాసరావు మన సినిమాకు కొత్తదనం నేర్పినవాడే. కానీ పేరూ పదవీ తప్ప మరో కొలత లేకుండా పోయింది. అందుకే 1992లో మెట్ట ఊళ్లలో జరిగిన పని మళ్లీ అంచుకు జరిగిపోతోంది. కలిగిరి మండలం దూబగుంటలో పగలంతా కూలికి పోయి, రాత్రి లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు వాచకంలో సారా వల్ల చితికిన సీతమ్మ కథ చదివారు. అది తమ ఇంటి కథే అనిపించింది, సారా అంగడి మూయించారు. మలి వాచకంలో వాళ్ల కథే పాఠమైంది. అది చదివిన ఊళ్లన్నీ లేచాయి. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అదే ఊపులో ‘పొదుపులక్ష్మి’ సంఘాలు ఈ జిల్లాలో మొదలై రాష్ట్రానికి పాకాయి. దూబగుంట ఆడవాళ్లలో ఒక్క రోశమ్మ పేరు మిగిలింది, అది మిగలవలసిన పేరే. ఆమె పక్కన కూర్చుని అక్షరం దిద్దిన వాళ్లలో, వేలంపాట దగ్గర లాఠీలకు ఎదురు నిలిచిన వాళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలీలు. వాళ్ల పేర్లు ఎవరు రాస్తారు?

బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో ఈ జిల్లా శాసనాలను మూడు సంపుటాల్లో అచ్చువేశారు కాబట్టి రాళ్ల మీది పేర్లు మనకు దక్కాయి. కాగితాల మీది పేర్లకు అలాంటి అదృష్టం పట్టలేదు. నెల్లూరు సీమ ఇళ్లలో అటకల మీద ‘జమీన్ రైతు’ పాత సంచికలో, ఆశ్రమం నాటి ఉత్తరాలో, అక్షరాస్యత రోజుల రాత్రిబడి హాజరు పుస్తకాలో ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. దగ్గరలోని గ్రంథాలయానికో కళాశాలకో ఇవ్వండి. కలిగిరి, ఉదయగిరి వైపు వెళ్లే విద్యార్థులు అప్పటి వేలంపాటల దగ్గర నిలబడ్డ అవ్వలను కలిసి, పేరు, ఊరు, వాళ్లు చెప్పిన మాట రాసి పెట్టండి. వాళ్లలో చాలామంది ముసలివాళ్లయిపోయారు.